ప్రమాణ నాణ్యత లేని మత్తు డాక్టరు

మంగళవారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి, నాగులపేట ఏరియా ఆస్పత్రి ఆపరేషన్ థియేటర్లో బల్ల మీద పడుకున్న లంక అప్పన్న కుడికాలు ఎత్తాడు. ఎత్తమన్నది మత్తు డాక్టరు కామేశ్వరి. ఎత్తలేకపోతాడని ఎత్తమంది. వెన్నులోకి మత్తు ఇంజక్షన్ ఇచ్చి పన్నెండు నిమిషాలైంది. ఈపాటికి నడుము కింద భాగం అతనిది కానట్టు ఉండాలి.

"ఎడంది కూడా ఎత్తమంతారా డాట్రమ్మా?" అని అడిగి, ఆమె జవాబు చెప్పేలోపే అదీ ఎత్తాడు. అప్పన్న ఆటో తోలుతాడు. చెప్పిన పనికంటే కాస్త ఎక్కువే చేసే మనిషి.

సర్జన్ ధనుంజయ కత్తి తీసి ట్రేలో పెట్టేశాడు. అదే పెట్టెలోంచి ఇంకో ఇంజక్షన్ ఇచ్చారు. ఇంకో పదిహేను నిమిషాలు ఆగారు. అప్పన్న ఈసారి కాలు మీద కాలేసుకున్నాడు.

"నాలుగో కేసు," అంది కామేశ్వరి.

నర్సు సన్యాసమ్మ పగలగొట్టిన సీసాలున్న పళ్ళెం చూపించింది. "నిన్న వీటి కాడికి చీమలొచ్చాయమ్మా. కడుపునిండా తాగి మళ్ళీ బారుగానే ఎల్లిపోనాయి. ఒక్కదానికీ కాలు పడిపోనేదు."

అప్పన్నకు గజ్జల్లో పేగు జారింది. ఎప్పటికైనా ఆపరేషన్ చెయ్యాల్సిందే, కానీ ఆ రోజే చెయ్యాలని లేదు. వార్డుకీ, అక్కణ్ణుంచి ఇంటికీ పంపేశారు. పోతూ పోతూ, తన వల్ల పని ఆగిపోయిందని డాక్టర్లకు క్షమాపణ చెప్పాడు.

ఆ మధ్యాహ్నం కామేశ్వరి పైవాళ్ళకు అరపేజీ ఉత్తరం రాసింది. నలుగురు రోగుల పేర్లు, తేదీలు, బ్యాచ్ నంబరు, మందిచ్చాక ఎన్ని నిమిషాలు చూసిందీ, ఎవరి కాలు ఎంత ఎత్తుకు లేచిందీ. చివర్న ఒక వాక్యం: దయచేసి పరీక్ష చేయించగలరు. ఏది పరీక్ష చేయించాలో ఆ వాక్యంలో విడిగా రాయలేదు. రాయాల్సిన అవసరం వస్తుందని ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆమెకు తోచలేదు.

తొమ్మిదో రోజున చక్రపాణి వచ్చాడు. వైద్యుల విశ్వాస పరిరక్షణ విభాగానికి ప్రాంతీయ అధికారి. ఆ విభాగం పుట్టి ఏడాదైంది. ఆ ముందు ఏడాది ఎవరో సర్వే చేసి, సర్కారు మందుల మీద సర్కారు డాక్టర్లకు నమ్మకం నూటికి నలభై ఒకటి మాత్రమే ఉందని తేల్చారు. అంకె పెంచాలన్నారు. రెండు దారులున్నాయి: మందులు బాగుచెయ్యడం, నమ్మకం బాగుచెయ్యడం. మందులు బాగుచెయ్యాలంటే ల్యాబులు, మిషన్లు, మనుషులు కావాలి. నమ్మకానికి సర్క్యులర్ చాలు.

సూపరింటెండెంట్ గదిలో చక్రపాణి కామేశ్వరి ఉత్తరాన్ని బల్ల మీద పరిచి పెట్టాడు.

"మేడమ్, వ్యక్తిగతంగా తీసుకోకండి. ఇది విధానపరమైన విషయం. సదరు ఔషధానికి రెండు ధ్రువపత్రాలున్నాయి. ఒకటి తయారీదారు ఇచ్చింది. రెండోది, తయారీదారు ఇచ్చింది నిజమేనని సరఫరాదారు ఇచ్చింది. అవునా?"

"ఉండొచ్చు సార్. కాలు లేస్తోంది."

"మీ దగ్గరికి వద్దాం. మీకు డిగ్రీ ఎప్పుడొచ్చింది?"

ఆమె చెప్పింది.

"ఆ తరవాత మిమ్మల్ని ఎవరైనా పరీక్షించారా?"

"నన్నా?"

"అదే చెప్తున్నాను. రెండు ధ్రువపత్రాలున్న వస్తువుకీ, ఇన్నేళ్ళుగా ఏ పరీక్షా లేని వస్తువుకీ మధ్య అభిప్రాయభేదం వచ్చింది. న్యాయంగా దేన్ని పరీక్షించాలి?"

సూపరింటెండెంట్ సత్యకుమార్ పేపర్‌వెయిట్ వైపు చూస్తున్నాడు. కామేశ్వరి అతనివైపు చూసింది. అతను పేపర్‌వెయిట్‌ని ఇటునుంచి అటు జరిపాడు.

"అందుచేత," అన్నాడు చక్రపాణి, "ఫిర్యాదు అందిన సందర్భంలో ఫిర్యాదీ నుండి శాంపిల్ సేకరించవలెనని ఉత్తర్వు వచ్చింది. మీరే మొదటివారు. అభినందనలు."

శాంపిల్ తియ్యడానికి డ్రగ్ ఇన్‌స్పెక్టర్ శశిధర్ గురువారం వచ్చాడు. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు. సంచిలో లక్క, కొవ్వొత్తి, ఇత్తడి ముద్ర, నాలుగు రకాల ఫారాలు తెచ్చుకున్నాడు. కామేశ్వరికి దండం పెట్టి, ఏమీ అనుకోవద్దని చెప్పి, రాయడం మొదలుపెట్టాడు.

"రూపం అని ఉంది మేడమ్. మాత్ర, ద్రవం, పొడి, ఇతరములు. ఇతరములు అని రాస్తున్నాను."

"రాసుకో నాయనా."

"తయారైన తేదీకి డిగ్రీ తేదీ వేశాను. గడువు తేదీకి మీ రిటైర్మెంటు. బ్యాచ్ అంటే, మెడికల్ కాలేజీలో మీరు చేరిన ఏడాది. తయారీదారు పేరు?"

"కాలేజీ రాస్తావా, మా అమ్మ పేరు రాస్తావా?"

శశిధర్ నిజంగానే ఆలోచించాడు. "అమ్మగారు ఎక్కడుంటారు?"

"ఈ ఊళ్ళోనే. కోమట్ల వీధిలో."

"లోకల్ అయితే నోటీసు ఇవ్వడం సులువు," అని ఆవిడ పేరు రాశాడు.

తరవాత చిక్కొచ్చింది. శాంపిల్ ఏదైనా నాలుగు భాగాలు చెయ్యాలి. ఒకటి ల్యాబుకి, ఒకటి కోర్టుకి, ఒకటి తయారీదారుకి, ఒకటి ఎవరి దగ్గర తీశారో వాళ్ళకి. అతను పుస్తకం తిరగేశాడు. కామేశ్వరి ఓపిగ్గా కూర్చుంది. సన్యాసమ్మ మాత్రం కత్తెరలున్న బీరువాకి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది.

"దొరికింది మేడమ్! విప్పితే పాడయ్యే సరుకైతే విప్పకుండా మొత్తంగా తీసుకోవచ్చు."

"బతికించావు."

కోటు రెండో గుండీకీ మూడో గుండీకీ మధ్య లక్క కరిగించి ముద్ర వేశాడు. జేబు మీద చీటీ అంటించాడు: చల్లని, పొడి ప్రదేశంలో, వెలుతురు తగలకుండా ఉంచవలెను. రిపోర్టు వచ్చేవరకు వాడరాదు. సీలు చెరిపితే నేరం. ఉద్యోగం పోవచ్చు, పెన్షనూ పోవచ్చని వేరే కాగితం మీద సంతకం తీసుకున్నాడు.

ఆమె పెన్షన్ మీద ఇద్దరు ఆధారపడి ఉన్నారు. ఒకరు ఆమె. రెండోవారు తయారీదారు.

నగరంలోని ల్యాబులో పరీక్షలు రెండు రోజులు జరిగాయి. మందులు పరీక్షించే గదిలో మిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. దాన్లో పోసే రసాయనాలు చివరిసారి వచ్చి పద్నాలుగు నెలలైంది. దుప్పటి మీద ఎవరిదో టిఫిన్ క్యారియర్ పెట్టి ఉంది. డాక్టర్లను పరీక్షించే గదికి కొత్తగా సున్నం వేశారు.

మొదటిది బాహ్య లక్షణం. తెల్లకోటు, కళ్ళద్దాలు, పగుళ్ళు లేవు. పాస్. రెండోది కరుగు పరీక్ష. విశ్వాసం మీద నాలుగు గంటల ఉపన్యాసంలో కూర్చోబెట్టి ఎన్ని నిమిషాల్లో కరుగుతారో చూస్తారు. వేర్వేరు జిల్లాల నుంచి వచ్చిన మిగతా ఫిర్యాదీలు ముప్పై నిమిషాల్లోపు తల ఊపడం మొదలుపెట్టారు. ఒకాయన పదకొండో నిమిషంలోనే పూర్తిగా కరిగి, ఉపన్యాసకుడికి మంచినీళ్ళు అందించాడు. కామేశ్వరి నాలుగు గంటలూ గట్టిగానే ఉండి, చివర్న ప్రశ్న అడిగింది.

మూడోది అసలు పరీక్ష. అనలిస్టు సీసా ఒకటి ఎత్తి పట్టుకున్నాడు.

"ఇది పనిచేస్తుందని నమ్ముతున్నారా?"

"ఇచ్చి చూసి చెప్తాను."

"చూడకముందు చెప్పండి."

"చూడకముందు ఎలా తెలుస్తుంది?"

"తెలిస్తే దాన్ని నమ్మకం అనరు కదండీ," అన్నాడు అనలిస్టు. అతను చెడ్డవాడు కాదు. మూడుసార్లు అవకాశం ఇచ్చాడు. మూడోసారి సీసా మార్చి, తను ఇంటి నుంచి తెచ్చుకున్న మజ్జిగ సీసా చూపించాడు. దానిక్కూడా ఆమె మూత తియ్యమంది.

రిపోర్టు: విశ్వాసం, కనబడలేదు. సరిచూసుకొనవలెనన్న కోరిక, అనుమతించిన మోతాదుకు మించి కలదు. ప్రమాణ నాణ్యత లేదు.

ఫిర్యాదు చేసినవారికే ప్రమాణం లేదు గనక ఫిర్యాదుకీ లేదు. ఫిర్యాదు లేదు గనక మందుకి దోషం లేదు. చక్రపాణి ఆ సాయంత్రమే మందు బ్యాచ్‌ని విడుదల చేశాడు. ఒక వస్తువు పాడైందని తేలినప్పుడు ఆ బ్యాచ్ మొత్తం వెనక్కి తెప్పించడం నిబంధన. కాబట్టి కామేశ్వరితోపాటు ఆ ఏడాది అదే కాలేజీలో చేరిన నూట పద్దెనిమిది మందినీ, రాష్ట్రంలో ఎక్కడ పనిచేస్తున్నా సరే, ఎక్కడివారిని అక్కడే స్టోరుల్లో వేరుగా పెట్టమని మెసేజ్ వెళ్ళింది. జిల్లా ఆస్పత్రి మత్తు డాక్టరు అందులో ఉన్నాడు. అతను చేసిన తప్పు, తొంభై ఒకటిలో కామేశ్వరి పక్క బెంచీలో కూర్చోవడం. ఆ వారం రాష్ట్రం మొత్తం మీద ఒక్క ఫిర్యాదూ రాలేదు. నమ్మకం ఎనభై ఏడుకి పెరిగింది.

నాగులపేట ఆస్పత్రి మందుల స్టోరుకి ఫార్మసిస్టు భాస్కరం పెద్ద. కామేశ్వరిని దూది కట్టలకూ సెలైన్ పెట్టెలకూ మధ్య కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ముందు ఎర్ర అట్ట వేలాడదీశాడు: వాడరాదు, విడుదల చేయరాదు. రోజూ పొద్దున్నే వచ్చి గోడ మీది థర్మామీటరు చూసేవాడు.

"ఇరవై ఆరు దాటింది మేడమ్. మీరు ఇరవై అయిదు లోపు ఉండాలి. కాస్త ఫ్యాన్ కిందకి జరగండి."

"మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోవచ్చా?"

"గేట్‌పాస్ లేకుండా స్టోరులోంచి సూది బయటికి పోదు మేడమ్. నా ఇరవైతొమ్మిదేళ్ళ సర్వీసులో పోలేదు."

నాలుగో రోజు పదకొండు గంటలకు అప్పన్నను అతని తోటి డ్రైవరు ఆటోలోనే తెచ్చాడు. జారిన పేగు ఇరుక్కుపోయింది. అప్పన్న రంగు మారి ఉన్నాడు. వాంతులు. ధనుంజయ చెయ్యి వేసి చూసి, బయటికి వచ్చి సూపరింటెండెంట్‌తో చెప్పాడు: "నాలుగైదు గంటల్లో కొయ్యాలి. లేకపోతే పేగు కుళ్ళుతుంది. మనిషి పోతాడు."

"జిల్లాకి పంపుదాం."

"రెండున్నర గంటల దారి. అక్కడి మత్తు డాక్టరు కూడా స్టోరులోనే ఉన్నాడు సార్."

సత్యకుమార్ చక్రపాణికి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు.

"ఇందులో సమస్య నాకు కనిపించడం లేదండీ," అంది ఫోను. "ఔషధం ప్రమాణయుతం. అది ఇవ్వడానికి విశ్వాసం గల వైద్యుడు కావాలి. మీ ఆస్పత్రిలో అత్యధిక విశ్వాసం ఎవరిది?"

"పళ్ళ డాక్టరుగారిది సార్. తొంభై ఎనిమిది."

"మరింకేం?"

"ఆయన ఈ మందు ఎప్పుడూ వాడలేదు సార్."

"అందుకే తొంభై ఎనిమిది," అని ఫోను పెట్టేశాడు.

పళ్ళ డాక్టరు అప్పటికే సెలవు చీటీ రాసి, సంతకం కోసం గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

అప్పన్న భార్య పైడితల్లి ఇవేవీ వినలేదు. ఎవర్నో అడిగి నేరుగా మందుల స్టోరు కౌంటరు దగ్గరికి వచ్చింది. జాలీలోంచి లోపలికి చూసింది. దూది కట్టల మధ్య కోటు మీద లక్కముద్రతో కూర్చున్న మనిషి కనబడింది.

"ఓలమ్మా, డాట్రమ్మా! ఇక్కడేటి సేత్తన్నావు? మా ఇంటాయన అక్కడ గిలగిల్లాడిపోతన్నాడు."

"నన్ను వాడకూడదంట పైడితల్లీ."

"ఎవులన్నారు?"

కామేశ్వరి చీటీ చూపించింది. పైడితల్లికి చదువు రాదు. అయినా చీటీని కాసేపు చూసింది.

"నీకేటైనా బాగునేదా?"

"నేను బాగానే ఉన్నాను."

"మరైతే రాయే తల్లీ!"

కామేశ్వరి లేచింది. సీలు చూసుకుంది. దాన్ని తెంపడం ఒక్క క్షణం పని. తెంపి థియేటర్లోకి వెళ్తే, ప్రమాణం లేని డాక్టరు చేత మత్తు ఇప్పించినందుకు ధనుంజయ మీదా కేసు అవుతుంది. అతను భయస్తుడు. కత్తి పట్టుకోడు. పట్టుకున్నా, అక్కడున్న మందు ఆ బ్యాచ్‌దే.

"భాస్కరంగారూ," అంది, "ప్రమాణం లేదని తేలిన సరుకు స్టోరులోంచి బయటికి పోయే దారి రూల్స్‌లో ఏదైనా ఉందా?"

ఇరవైతొమ్మిదేళ్ళలో ఆయన్ని ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు.

"రెండున్నాయి మేడమ్. ఒకటి, ఇద్దరు సాక్షుల ముందు ధ్వంసం చేసి గొయ్యి తీసి పూడ్చడం."

"రెండోది?"

"తయారీదారుకి తిప్పి పంపడం." ఆయన ఫారం తీసి చూశాడు. "కోమట్ల వీధి."

గేట్‌పాస్ మీద ఇలా రాశాడు: మత్తు డాక్టరు, ఒకటి, సీలు చెడనిది, తయారీదారుకి వాపసు. పదకొండూ నలభైకి కామేశ్వరి గేటు దాటింది. వాచ్‌మన్ పాస్‌తో మనిషిని సరిచూసుకుని, ఒకటి అని లెక్కపెట్టుకుని వదిలాడు. వెనకే భాస్కరం సూపరింటెండెంట్ గదికి పోయి, ఒక వస్తువు వాపసు పోయిందనీ, ఆ వస్తువు ఇప్పుడు స్టాకులో నిల్ అనీ చెప్పాడు. స్టాకు నిల్ అయినప్పుడు, ప్రాణాపాయం ఉంటే, ఏ పరీక్షా లేకుండా ఊళ్ళో దొరికే సరుకు తెచ్చుకునే అధికారం సూపరింటెండెంట్‌కి ఉందనీ, ఆ రూలు ఇంకా ఎవరూ తియ్యలేదనీ చెప్పాడు.

సత్యకుమార్ పేపర్‌వెయిట్‌ని వదిలాడు. కలం తీశాడు. అత్యవసర స్థానిక కొనుగోలు: మత్తు డాక్టరు, ఒకటి. మత్తు ఇంజక్షన్, రెండు.

కోమట్ల వీధిలో తయారీదారు గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. కూతురి కోటు మీద ముద్ర చూసి, "ఇదేంటే, పార్సిల్లాగా?" అంది. అయిదు నిమిషాల తరవాత కామేశ్వరి కోటు ఇంట్లో వదిలేసి, చీర కొంగు దోపుకుని, మెడికల్ షాపులో ఇంజక్షన్లు తీసుకుని, పైడితల్లి తెచ్చిన కొనుగోలు చీటీతో అదే గేటులోంచి సరుకుగా లోపలికి వచ్చింది. వాచ్‌మన్ మళ్ళీ ఒకటి అని లెక్కపెట్టాడు.

పన్నెండున్నరకు ధనుంజయ కోశాడు. పేగు నల్లబడలేదు. లోపలికి సర్ది కుట్టేశాడు. అప్పన్నకు మధ్యలో ఏమీ తెలియలేదు. సన్యాసమ్మ అతని అరికాలు మీద గోటితో గీరితే, ఎవరి కాలు అని అడిగాడు.

చక్రపాణి రెండు రోజుల తరవాత వచ్చాడు. అతను కోపంగా లేడు. ఫైలు చదివాడు, మొహం వెలిగిపోతోంది.

"అద్భుతమండీ! స్టాకులో ఉన్న డాక్టరేమో ప్రమాణ నాణ్యత లేనిది. స్థానికంగా కొన్నదేమో పనిచేసింది. ఈ స్థానిక సరుకునే రేట్ కాంట్రాక్టు మీద రాష్ట్రమంతటా తీసుకుందామని ప్రతిపాదన పెడుతున్నాను. సరఫరాదారు ఎవరు?"

"నేనే," అంది కామేశ్వరి.

చక్రపాణి లేచి నిలబడ్డాడు. చెయ్యి చాచి కుర్చీ చూపించాడు. పాత కామేశ్వరి ఈమేనని అతనికి తెలుసు. తెలిసినా ఫైలులో వేరు వేరు పేజీలు.

"చెప్పండి మేడమ్. మీ వైపు నుంచి టర్మ్స్ ఏమైనా?"

ఆమె ఆలోచించింది. గురువారం నాటి జాబితాలో ఇద్దరు నిండు గర్భిణులున్నారు, ఇద్దరికీ సిజేరియన్. థియేటర్ బీరువాలో ఆ బ్యాచ్ పెట్టెలు ఆరున్నాయి. ఇంకెన్ని ఆస్పత్రుల్లో ఎన్ని పెట్టెలున్నాయో తెలియదు. పోయినసారి అరపేజీ రాసింది. ఈసారి ఒక్క వాక్యం చెప్పింది.

"ఆ బ్యాచ్ ఇంజక్షన్‌తో కలిపి వాడితే మా సరుకుకి గ్యారంటీ ఉండదు."

చక్రపాణి రాసుకోవడం ఆపి తలెత్తాడు. సత్యకుమార్ చెయ్యి మళ్ళీ పేపర్‌వెయిట్ మీదికి పోయింది.

"ఎక్కడా వాడకూడదా?"

"ఎక్కడా. ఒక్క సీసా దగ్గర్లో ఉన్నా మా సరుకు పనిచేయదు."

"అంటే కంపాటిబిలిటీ ఇష్యూ," అన్నాడు చక్రపాణి. అతని మొహంలో అనుమానం అంటూ ఏమీ లేదు. ఇది అతనికి అర్థమైన భాష. "మన స్కానింగ్ మిషన్ వాళ్ళు కూడా ఇంతే. వాళ్ళ ఫిలిమే వాడాలంటారు. సప్లయరు చెప్పాక ఇంక చేసేదేముంది?"

"ల్యాబుకి పంపి పరీక్ష చేయించరా సార్?" అని అడిగాడు మూలన నిలబడ్డ శశిధర్.

"సప్లయరు మాట మీద పరీక్షేమిటయ్యా!" చక్రపాణి కసిరాడు. "వాళ్ళు రాతపూర్వకంగా ఇస్తే అదే ధ్రువపత్రం. నువ్వింకా నేర్చుకోవాలి."

అక్కడికక్కడే రాష్ట్రంలోని ఆస్పత్రులన్నిటికీ మెసేజ్ పోయింది: సరఫరాదారు షరతు మేరకు సదరు బ్యాచ్ ఇంజక్షన్లను తక్షణం వెనక్కి పంపవలెను. కారణం అడగరాదు. సాయంత్రానికి నాగులపేట స్టోరు ముందు ఆరు పెట్టెలూ బయట పడ్డాయి. భాస్కరం వాటికి గేట్‌పాస్‌లు రాశాడు.

కామేశ్వరి లేచి థియేటర్ వైపు బయల్దేరింది. చక్రపాణి గుమ్మందాకా వచ్చి సాగనంపాడు. ఇంతవరకు ఏ డాక్టర్నీ అంత దూరం సాగనంపలేదు.

"మరోలా అనుకోకండి మేడమ్," అన్నాడు గొంతు తగ్గించి. "కొత్త సంవత్సరం డైరీలు మీ కంపెనీ డిసెంబరులోనే పంపుతుందా? మిగతా సప్లయర్లు ప్రతి ఏడూ సంక్రాంతి దాకా లాగుతున్నారు."